ముద్ర – లేఖ – విశ్వాసం

పాఠ్యభాగ ఉద్దేశం

లేఖ పంపినవారెవరో నిర్ధారించుకోవడం అనాదిగా మానవునికి ఎదురవుతున్న సమస్య. తామ్రశాసనాల కాలంలో రాజముద్ర చేసిన పనిని నేడు ఈ-మెయిలు ధ్రువీకరణ పద్ధతులు చేస్తున్నాయి. ఆ పద్ధతుల లక్ష్యాలనూ పరిమితులనూ తెలియజేయడం, ఉత్తరం చదివే సామాన్యుని గురించి ముందుగా ఏర్పరచుకొనే అపోహలు ఎటువంటి అనర్థాలకు దారితీస్తాయో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన చేతికి ఒక ఉత్తరం అందినప్పుడు అందులో ఏముందో తెలుసుకోవడానికి ముందు అది ఎవరి వద్ద నుండి వచ్చిందో చూస్తాం. పంపినవారిని బట్టి ఆ మాటలకు విలువ ఏర్పడుతుంది. "వెంటనే డబ్బు పంపు" అన్న మూడు మాటలు కన్నకొడుకు రాస్తే ఒక అర్థం, అపరిచితుడు రాస్తే మరొక అర్థం. కనుక లేఖార్థం అక్షరాలలో మాత్రమే ఉండదు. వాటి వెనుక ఉన్న వ్యక్తిలో కూడా ఉంటుంది. ఒకరి పేరును మరొకరు దొంగిలించి ఉత్తరం రాయడమంటే, ఆ పేరుపై మనకున్న విశ్వాసాన్ని దొంగిలించడమే.

వాల్మీకి రామాయణంలోని సుందరకాండ ఈ సమస్యను ఎంతో సూక్ష్మంగా చిత్రించింది. అశోకవనంలో ఉన్న సీతతో హనుమంతుడు తాను రామదూతనని చెప్పుకొన్నాడు. ఆమె వెంటనే నమ్మలేదు. సన్న్యాసి వేషంలో వచ్చిన రావణుని వలన ఆమె ఒకసారి మోసపోయింది. అందువలన రామలక్ష్మణుల రూపలక్షణాలను చెప్పమని అడిగింది. హనుమంతుడు వాటిని వర్ణించిన తరువాత రామనామాంకితమైన ఉంగరాన్ని ఇచ్చాడు. అప్పుడు ఆమె మనస్సు కుదుటపడింది. అతడు తిరిగి వెళ్ళేటప్పుడు సీత తన చూడామణిని ఇచ్చింది. దానితో పాటు తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకి వృత్తాంతాన్ని గుర్తుగా చెప్పి పంపింది.

ఈ ఘట్టంలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. తనను శంకించినందుకు హనుమంతుడు సీతను నిందించలేదు. తాను ఎవరో నిరూపించుకొనే భారం తనదేనని గ్రహించాడు. ఉత్తమ దూత లక్షణం అది. సందేశాన్ని అందుకొనేవారిది కాదు, పంపేవారిదే నిరూపణ భారం. ఈ పాఠానికి మూలసూత్రం కూడా ఇదే.

గోదావరీ తీరంలోని చరిత్రలో ఈ సూత్రానికి రాగిరేకులే సాక్ష్యం. వేంగిని, ఆ తరువాత రాజమహేంద్రవరాన్ని కేంద్రంగా చేసుకొని పాలించిన తూర్పు చాళుక్యులు గ్రామాలను దానం చేసినప్పుడు ఆ విషయాన్ని రాగిరేకులపై చెక్కించేవారు. రేకులకు రంధ్రాలు చేసి, వాటి గుండా ఒక కడియాన్ని దూర్చి, దాని రెండు కొసలనూ రాజముద్రలో కలిపి అతికించేవారు. వారి ముద్రలపై వరాహం, సూర్యచంద్రులు, అంకుశం వంటి చిహ్నాలతో పాటు "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు కనిపిస్తుంది. కడియాన్ని కోయనిదే అందులో నుండి ఒక రేకును తీయడం గాని, కొత్త రేకును చేర్చడం గాని సాధ్యం కాదు. దానాన్ని అమలుపరచే రాజోద్యోగిని ఆజ్ఞప్తి అనేవారు. అతని పేరు, శాసనాన్ని రచించినవాని పేరు, చెక్కినవాని పేరు శాసనం చివర పేర్కొనడం పరిపాటి. భారత రచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజరాజనరేంద్రుడు కోనసీమలోని నందంపూడి గ్రామాన్ని దానం చేసినప్పుడు, ఆ శాసనాన్ని నన్నయభట్టు రచించాడు. అది క్రీ.శ. 1053 నాటిది. కవిగా మనం ఎరిగిన నన్నయ శాసనకర్తగా కూడా తన పేరును బాధ్యతతో నిలిపాడన్నమాట.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకు అవసరమయ్యాయి? దొంగ శాసనాలు ఉండేవి గనుక. మన ధర్మశాస్త్రాలు వాటిని కూటశాసనాలు అన్నాయి. కూటశాసనాలు సృష్టించేవారికి మనుస్మృతి మరణదండన విధించింది. ఉత్తర భారతాన్ని ఏలిన హర్షుని మధుబన్ తామ్రశాసనం ఇటువంటి ఒక ఉదంతాన్ని చెబుతుంది. ఒక వ్యక్తి కూటశాసనాన్ని చూపి ఒక గ్రామాన్ని అనుభవిస్తుండగా, హర్షుడు ఆ రేకును విరగగొట్టించి ఆ గ్రామాన్ని వేరొకరికి ఇచ్చాడు. వ్రాత ఎంత పాతదో, దొంగవ్రాత కూడా అంత పాతదే.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా ఉత్తరం పంపే విధానాన్ని రూపొందించాడు. వ్యక్తి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ "ఎట్" గుర్తును ఉంచినవాడు అతడే. 1982లో జాన్ పోస్టెల్ ఈ-మెయిలు రవాణాకు ఒక నియమావళిని ప్రకటించాడు. దానిని ఎస్.ఎం.టి.పి. అంటారు. నేటికీ ఈ-మెయిళ్ళు ఆ పునాదిపైనే నడుస్తున్నాయి. ఆనాడు ఆ నెట్‌వర్క్‌ను వాడినవారు చాలావరకు విశ్వవిద్యాలయాలలో, పరిశోధన సంస్థలలో పనిచేసేవారే. అందువలన పంపినవాని పేరు నిజమైనదా కాదా అని పరీక్షించే ఏర్పాటు ఆ నియమావళిలో లేకపోయింది. పోస్టుకార్డుపై పంపినవారి పేరు రాసేచోట ఎవరి పేరు రాసినా తపాలా బంట్రోతు ప్రశ్నించడు. ఈ-మెయిలు పరిస్థితి కూడా అంతే. వాడేవారందరూ మంచివారే, ఒకరినొకరు ఎరిగినవారే అన్న ఆనాటి ఊహ, కోట్లాదిమంది చేతికి ఆ సాధనం వచ్చేసరికి తప్పయింది.

ఆ లోపాన్ని పూరించడానికి మూడు పద్ధతులు వచ్చాయి. వాటిని తెలుసుకోవాలంటే ముందు డొమైన్ అంటే ఏమిటో తెలియాలి. ఈ-మెయిలు చిరునామాలో "ఎట్" గుర్తుకు కుడివైపున ఉండే భాగమే డొమైన్. అది సంస్థకు ఇంటిపేరు వంటిది. ప్రతి డొమైనుకూ సంబంధించిన వివరాలు అంతర్జాలంలో అందరూ చూడగలిగే నామసూచికలో ఉంటాయి.

మొదటి పద్ధతి ఎస్.పి.ఎఫ్. ఇది 2006లో వెలువడింది. తమ పేరిట ఉత్తరాలు పంపడానికి ఏయే యంత్రాలకు అధికారం ఉందో ఆ సంస్థ నామసూచికలో ముందుగానే ప్రకటిస్తుంది. ఉత్తరం అందుకొన్న యంత్రం ఆ పట్టికను చూసి, తెచ్చిన యంత్రం పేరు అందులో ఉందో లేదో పరిశీలిస్తుంది. శాసనంలో ఆజ్ఞప్తి పేరు చెప్పడం వంటిది ఇది.

రెండవది డికిమ్. ఇది 2007లో ప్రమాణంగా వెలువడింది. పంపే యంత్రం తన వద్ద రహస్యంగా ఉంచుకొన్న తాళపుచెవితో ఉత్తరంపై ఒక గణితసంకేతాన్ని ముద్ర వేస్తుంది. దానిని పరీక్షించడానికి వేరొక తాళపుచెవిని నామసూచికలో బహిరంగంగా ఉంచుతుంది. ముద్రకు లోబడిన భాగంలో దారిమధ్యలో మార్పు చేస్తే ముద్ర సరిపోదు. రాగిరేకుల కడియం చేసిన పని ఇదే.

మూడవది డిమార్క్. 2012లో కొన్ని సంస్థలు కలిసి దీనిని ముందుకు తెచ్చాయి. 2015లో ఇది ప్రచురితమైంది. చదువరి కంటికి కనబడే పంపినవారి డొమైనూ, పై రెండు పద్ధతులలో ఒకదాని ద్వారానైనా రుజువైన డొమైనూ ఒకటేనా అని ఇది చూస్తుంది. సరిపోకపోతే ఏమి చేయాలో కూడా డొమైన్ యజమాని ముందే చెప్పవచ్చు. ఊరక గమనించమనవచ్చు, అనుమానపు ఉత్తరాల పెట్టెలో వేయమనవచ్చు, లేదా తిరస్కరించమనవచ్చు. తన పేరిట ఎక్కడెక్కడి నుండి ఉత్తరాలు వెళుతున్నాయో తెలిపే నివేదికలు కూడా యజమానికి అందుతాయి.

ఈ మూడింటి లక్ష్యాలను ఇలా సంగ్రహించవచ్చు. ఒకరి డొమైను పేరును మరొకరు వాడకుండా నిరోధించడం మొదటిది. ఉత్తరానికి బాధ్యులెవరో తేల్చడం రెండవది. తన పేరు దుర్వినియోగమవుతున్న సంగతిని యజమానికి తెలియజేయడం మూడవది. అయితే ఉత్తరంలోని మాట సత్యమా అసత్యమా అని నిర్ణయించడం వీటి లక్ష్యం కాదు. యంత్రం ముందు కూర్చొని ఆ ఉత్తరాన్ని టైపు చేసిన వ్యక్తి ఎవరో చెప్పడం కూడా వీటి పని కాదు.

ఈ భేదాన్ని విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకం చక్కగా బోధిస్తుంది. రాక్షసమంత్రి ముద్రికాంగుళీయకం చాణక్యుని చేజిక్కింది. చాణక్యుడు రాక్షసుని మిత్రుడైన శకటదాసుని చేతివ్రాతలోనే ఒక లేఖను యుక్తిగా వ్రాయించి, దానిపై రాక్షసుని ముద్ర వేయించాడు. ఆ ముద్రను చూసి మలయకేతువు నమ్మాడు. తన హితుడైన రాక్షసుని శత్రువుగా భావించి దూరం చేసుకొన్నాడు. అక్కడ ముద్ర నిజమైనదే, చేతివ్రాత నిజమైనదే, లేఖ మాత్రం కపటం. నేడు ఒకరి పాస్‌వర్డు ఇతరుల చేతిలో పడితే జరిగేది ఇదే. ఆ ఉత్తరం మూడు పరీక్షలలోనూ నెగ్గుతుంది. అలాగే ఒక మోసగాడు ప్రసిద్ధ సంస్థ పేరులో ఒక్క అక్షరం మార్చి సొంత డొమైనును కొనుక్కొంటే, దానికి కూడా యథావిధిగా ముద్ర వేసుకోగలడు. కనుక పరీక్షలో నెగ్గిన ఉత్తరమంతా సత్యమని భావించరాదు. అదేవిధంగా పరీక్షలో తప్పిన ప్రతి ఉత్తరమూ మోసమని కూడా అనరాదు. ఒక చిన్న కళాశాల గాని, కొబ్బరిపీచు వ్యాపారి గాని తమ డొమైను వివరాలను సరిగా నమోదు చేయకపోయినా, ఒక ఖాతాకు వచ్చిన ఉత్తరం మరొక ఖాతాకు మళ్ళినా పరీక్ష తప్పే అవకాశం ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో కాలువలకు వదిలే నీటిని అక్కడి తలుపుల వద్దనే నియంత్రిస్తారు. కాలువ శివారున ఉన్న రైతును, "నీ చేనుకు వచ్చే వరదను నీవే ఆపుకో" అని ఎవరూ అనరు. ఈ-మెయిలు విషయంలో మాత్రం చాలాకాలం అదే జరిగింది. ప్రతి పాఠకుడూ పంపినవారి చిరునామాను అక్షరం అక్షరం పరిశీలించుకోవాలని సలహాలు ఇచ్చి ఊరుకొన్నారు. ఈ ధోరణి క్రమంగా మారుతున్నది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపేవారు ఈ మూడు పద్ధతులనూ పాటించాలని గూగుల్ 2024 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. పెద్దసంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి యాహూ కూడా అప్పుడే ఇటువంటి నిబంధన విధించింది. మన దేశంలో రిజర్వు బ్యాంకు, బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే ప్రత్యేక డొమైనుకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యతను హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు అప్పగించారు. ఇవన్నీ తలుపుల వద్ద చేసే నియంత్రణలు.

అయినప్పటికీ ఈ ఏర్పాట్లను రూపొందించేవారిలో కొన్ని అపోహలు మిగిలి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఒక మనిషికి ఒక ఈ-మెయిలు, ఒక ఫోను ఉంటాయన్నది మొదటి అపోహ. డెల్టా గ్రామాలలో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేసే విద్యార్థికి నెట్ సెంటరు నిర్వాహకుడే అప్పటికప్పుడు ఒక ఈ-మెయిలు చిరునామా సృష్టించి ఇస్తాడు. పాస్‌వర్డు అతని పుస్తకంలోనే ఉండిపోతుంది. కొన్నిసార్లు అతడు తన సొంత చిరునామానే నింపుతాడు. కౌన్సెలింగు సమాచారం ఆ చిరునామాకు చేరుతుంది, విద్యార్థికి చేరదు. "ఈ-మెయిలు పంపాం, కనుక మీకు తెలిసినట్లే" అని ఒక కార్యాలయం భావిస్తే, ఆ విద్యార్థి సీటు కోల్పోయే ప్రమాదం ఉంది. యంత్రం లెక్కలో ఆ ఉత్తరం నిజమైనది, సరైన చోటికి చేరింది. మనిషి లెక్కలో అది చేరనే లేదు.

అందరి పేర్లూ ఒకే తీరుగా ఉంటాయన్నది రెండవ అపోహ. తెలుగువారి సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. దానిని ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా రాస్తారు. పదవ తరగతి పత్రంలో ఉన్న పేరుకూ బ్యాంకు ఖాతాలో ఉన్న పేరుకూ క్రమం మారవచ్చు. పేర్లు సరిపోలేదన్న కారణంతో మనిషినే శంకించే యంత్రం తెలుగు పేరును ఎరుగని యంత్రం.

అందరూ ఆంగ్లం చదవగలరనీ, చిరునామాను పరిశీలించగలరనీ భావించడం మూడవది. ఫోను తెరపై చాలాసార్లు పంపినవారి పేరు మాత్రమే కనిపిస్తుంది. అసలు చిరునామా దాని వెనుక దాగి ఉంటుంది. ఆ పేరును ఎవరైనా తమకు నచ్చినట్లు పెట్టుకోవచ్చు. కనబడని దానిని చూడలేదని పాఠకుని తప్పుపట్టడం న్యాయం కాదు.

చదువులేనివారే మోసపోతారన్నది నాలుగవ అపోహ. 2006లో రచనా ధమీజా, టైగర్, హర్స్ట్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక పరిశీలన జరిపారు. అది ఈ-మెయిళ్ళకు కాక వెబ్‌సైట్లకు సంబంధించినదైనా, దాని సారాంశం మనకు ఉపయోగపడుతుంది. అందులో పాల్గొన్నవారు 22 మంది. అన్నిటికంటె నేర్పుగా తయారుచేసిన నకిలీ సైటు వారిలో 90 శాతం మందిని నమ్మించింది. 23 శాతం మంది చిరునామాను గాని, భద్రతా చిహ్నాలను గాని చూడనేలేదు. వయస్సుకూ విద్యకూ మోసపోవడానికీ గణనీయమైన సంబంధం కనిపించలేదు. మనిషి పని తొందరలో ఉన్నప్పుడు గుర్తులను చూడడు. తన పనిని చూస్తాడు. దీనిని మానవ స్వభావంగా గ్రహించాలే గాని అజ్ఞానంగా లెక్కించరాదు.

ఈ విషయాలు మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి గ్రామాల నుండి ఎందరో స్త్రీపురుషులు ఉపాధి కోసం కువైట్, ఒమన్, ఖతార్ వంటి దేశాలకు వెళుతుంటారు. అటువంటి ఇంటికి ఒక ఉద్యోగనియామక పత్రం ఈ-మెయిలులో వచ్చిందనుకొందాం. దానిపై విదేశీ సంస్థ చిహ్నం ఉంటుంది, ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది. వీసా ఖర్చులకు డబ్బు కట్టమని ఉంటుంది. తల్లిదండ్రులు ఆ పత్రాన్ని నమ్మి నగలు తాకట్టు పెడతారు. ఆ ముద్ర బొమ్మగా అతికించినదని వారికి ఎలా తెలుస్తుంది? ఆ విదేశీ సంస్థ తన డొమైనుకు రక్షణ ఏర్పరచుకొని, నకిలీ ఉత్తరాలను తిరస్కరించమని ప్రకటించి ఉంటే, దాని డొమైనును దొంగిలించి పంపిన పత్రం చాలావరకు ఆ ఇంటికి చేరేదే కాదు. కనుక ఎక్కడో దూరదేశంలోని ఒక సంస్థ తన బాధ్యతను నిర్వర్తించడంపై ఇక్కడి ఒక కుటుంబం బంగారం ఆధారపడి ఉంది.

అయితే తలుపులు ఎంత దృఢంగా ఉన్నా కొంత నీరు జారుతూనే ఉంటుంది. అందుకే సీత చూపిన వివేకం మనకూ అవసరం. డబ్బు గాని, పాస్‌వర్డు గాని, ఓ.టి.పి. గాని అడిగే ఉత్తరం వచ్చినప్పుడు అందులోని ఫోను నంబరుకు కాక, మనకు ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి విచారించాలి. విదేశీ ఉద్యోగమైతే ఆ ఏజెంటు పేరు కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడాలి. అటువంటి ఉత్తరానికి ప్రత్యుత్తరం రాయకుండా ఉండటం మేలు. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. పరుల పేరుతో కంప్యూటర్ ద్వారా మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షను క్రింద శిక్షార్హమైన నేరం. మోసపోయినవాడు నేరస్థుడు కాడు. అతడు సిగ్గుపడి మౌనం వహించవలసిన పని లేదు.

సంస్థలు కూడా తమవంతు కర్తవ్యాన్ని గుర్తించాలి. తమ పేరును తామే కాపాడుకోవాలి. తాము ఎన్నడూ పాస్‌వర్డు అడగబోమని ప్రజల భాషలో, పాఠకునికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ముఖ్యమైన సమాచారాన్ని ఒక్క ఈ-మెయిలుకే వదిలివేయక ఇతర మార్గాలలో కూడా అందజేయాలి. పాఠకుడు ఇలా ఉంటాడని ఊహించుకొనడం మాని, అతడు ఎలా ఉన్నాడో తెలుసుకొని దానికి తగిన ఏర్పాటు చేయాలి.

రాగిరేకుపై ముద్ర వేయించిన రాజుకు దాన గ్రహీత అక్షరజ్ఞానంతో నిమిత్తం లేదు. తన మాట తనదేనని రుజువు చేసుకోవడం తన ధర్మంగా భావించాడు. సాధనాలు మారినా ఆ ధర్మం మారలేదు. మాట ఇచ్చేవాడు ముద్ర వేయాలి. వినేవాడు నిర్భయంగా ప్రశ్నించగలగాలి. ఈ రెండూ ఉన్నచోటనే లేఖకు విశ్వాసం నిలుస్తుంది.

అర్థాలు

తామ్రశాసనం = రాగిరేకుపై చెక్కిన శాసనం
కూటశాసనం = దొంగ శాసనం
ఆజ్ఞప్తి = రాజాజ్ఞను అమలుపరచే అధికారి
చూడామణి = శిరస్సున ధరించే మణి
అంగుళీయకం = ఉంగరం
ఉదంతం = వృత్తాంతం, జరిగిన సంగతి
శివారు = చివరి భాగం, పొలిమేర

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఈ-మెయిలు ధ్రువీకరణకు గల మూడు పద్ధతులను తామ్రశాసనాల సంప్రదాయంతో పోల్చి వివరించండి.
2. వాడుకదారుల గురించి ఏర్పరచుకొనే అపోహలను సోదాహరణంగా చర్చించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సీత హనుమంతుని ఎలా పరీక్షించింది?
2. ముద్రారాక్షసంలోని లేఖ ద్వారా తెలిసే నీతి ఏమిటి?
3. ధవళేశ్వరం ఆనకట్టతో రచయిత దేనిని పోల్చారు? ఎందుకు?

ఇ. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. నందంపూడి శాసనాన్ని రచించినవారెవరు?
2. డొమైను అనగా నేమి?
3. డబ్బు పోయినప్పుడు ఏ నంబరుకు ఫిర్యాదు చేయాలి?

భాషాంశాలు

సంధులు
లేఖ + అర్థం = లేఖార్థం – సవర్ణదీర్ఘ సంధి
రాజ + ఉద్యోగి = రాజోద్యోగి – గుణ సంధి
ప్రతి + ఉత్తరం = ప్రత్యుత్తరం – యణాదేశ సంధి

సమాసాలు
రాజముద్ర – రాజు యొక్క ముద్ర – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు – తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
త్రిభువనాలు – మూడైన భువనాలు – ద్విగు సమాసం